తలుపు మూస్తారన్న కబురే జనాన్ని రప్పించింది: యుద్ధం తర్వాతి బ్రిటన్‌లో వలసలు, వాటి మీద రేగిన గొడవలు

క్లుప్తంగా: రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1962 దాకా, సామ్రాజ్యంలోనో కామన్‌వెల్త్ దేశాల్లోనో పుట్టినవాళ్లు బ్రిటన్‌లో దిగి పని వెతుక్కోవడానికి చట్టం అడ్డు చెప్పలేదు. జనాన్ని రప్పించుకుందామని పెట్టిన వీలు కాదు అది, చెదిరిపోతున్న సామ్రాజ్యాన్ని ఒక గొడుగు కింద ఉంచుకుందామని పెట్టింది. ఉద్యోగాలు ఉన్నప్పుడు జనం వచ్చారు, లేనప్పుడు తగ్గారు. ఆంక్షలు రాబోతున్నాయని తెలిశాక మాత్రం ఒక్కసారిగా ఎగబడ్డారు. ఇళ్లకు కటకట ఉన్నచోట గొడవ ముందు మొదలైంది. పౌరులు ఎవరో తేల్చే పనిని పార్లమెంటు 1981 దాకా వాయిదా వేసింది, ఆ వాయిదా బరువు 2018లో ముసలివాళ్ల మీద పడింది.

ఓడను ఎవరూ పంపలేదు

బ్రిటన్‌లో వలసల మాట ఎత్తితే ముందుగా వినిపించేది ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ పేరు. యుద్ధంలో దెబ్బతిన్న దేశాన్ని తిరిగి కట్టుకోవడానికి ప్రభుత్వమే ఆ ఓడను పంపి, కరీబియన్ దీవుల నుంచి పనివాళ్లను పిలిపించిందని చాలాచోట్ల రాస్తుంటారు. జరిగింది అది కాదు.

అసలు అది జర్మన్ల ఓడ. పాత పేరు మాంటే రోజా, యుద్ధంలో బ్రిటన్ చేతికి చిక్కింది. 1948లో ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండ్‌కు వస్తూ, సెలవు మీద ఉన్న సైనికులను ఎక్కించుకోవడానికి జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఆగింది. బెర్తులు ఖాళీగా ఉన్నాయి. 28 పౌండ్లకు టికెట్ అని అక్కడి పత్రికలో ప్రకటన పడింది. ఎక్కినవాళ్లలో చాలామంది యుద్ధకాలంలో బ్రిటిష్ వాయుసేనలో పనిచేసి, ఇంటికెళ్లి, అక్కడ పని దొరక్క మళ్లీ బయల్దేరినవాళ్లే. జూన్ 22న లండన్ దగ్గర టిల్‌బరీ రేవులో దిగినవాళ్లలో కరీబియన్ నుంచి వచ్చినవాళ్లు సుమారు 800 మంది.

ప్రభుత్వం దగ్గర వాళ్ల కోసం ఏ ప్లానూ లేదు. ఉండటానికి చోటు లేని రెండు వందల మందికి పైగా జనాన్ని క్లాపమ్ సౌత్ దగ్గర, బాంబు దాడుల నుంచి తలదాచుకోవడానికి భూమి లోపల తవ్విన షెల్టర్‌లో పడుకోబెట్టారు. అక్కడికి దగ్గర్లో ఉన్న ఉపాధి కార్యాలయం బ్రిక్స్‌టన్‌లోని కోల్డ్‌హార్బర్ లేన్‌లో ఉంది. పని కోసం అక్కడికి వెళ్లారు, పని దొరికాక ఆ చుట్టుపక్కలే గదులు వెతుక్కున్నారు. తర్వాత వచ్చినవాళ్లు వీళ్ల గదుల్లో దిగారు. బ్రిక్స్‌టన్ నల్లజాతి లండన్‌కు కేంద్రం కావడం వెనక పెద్ద వ్యూహమేమీ లేదు, ఒక ఆఫీసు అడ్రసు ఉంది అంతే.

ఓడ దిగిన రోజే 11 మంది లేబర్ ఎంపీలు ఈ రాకను అదుపు చేయమంటూ ప్రధాని అట్లీకి ఉత్తరం రాశారు. సామ్రాజ్య ప్రజలు ఏ రంగువారైనా బ్రిటన్‌లోకి స్వేచ్ఛగా రావచ్చన్నది తమ సంప్రదాయమని, దాన్ని తేలిగ్గా వదులుకోలేమని ఆయన జూలై 5న జవాబిచ్చారు. ఉచిత వైద్యం అందించే నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది కూడా సరిగ్గా ఆ రోజునే. వచ్చే దశాబ్దాల్లో ఆ ఆస్పత్రులు నడిచింది చాలావరకు ఇలా వచ్చినవాళ్ల చేతుల మీదే.

కెనడా కోసం రాసుకున్న చట్టం

ఇక్కడ ఇంకో తికమక కూడా ఉంది. విండ్‌రష్ ప్రయాణికులు 1948 నాటి బ్రిటిష్ జాతీయత చట్టం కింద వచ్చారని అంటారు. ఆ చట్టానికి ఆమోదం దొరికింది ఓడ వచ్చాక, జూలై ఆఖర్లో. అమల్లోకి వచ్చింది 1949 జనవరి 1న. అంతకుముందు సామ్రాజ్యంలో ప్రతి ఒక్కరూ ఎలాగూ 'బ్రిటిష్ సబ్జెక్ట్', అంటే రాజు గారి ప్రజ. ఆ హోదాతోనే వాళ్లు దిగారు.

మరి కొత్త చట్టం ఎందుకు అవసరమైంది? కెనడా వల్ల. 1946లో కెనడా తన పౌరసత్వాన్ని తానే నిర్వచించుకుంది. ఒక్కో దేశం అలా విడిగా నిర్వచించుకుంటూ పోతే ఉమ్మడి గొడుగు చిరిగిపోతుందని లండన్‌కు భయం పట్టుకుంది. అందుకే బ్రిటన్‌కూ, వలస రాజ్యాలకూ కలిపి ఒకే పౌరసత్వం పెట్టి, స్వతంత్ర కామన్‌వెల్త్ దేశాల పౌరులకు కూడా బ్రిటిష్ ప్రజ హోదా ఉంచింది. అటూ ఇటూ తిరిగేది కెనడా, ఆస్ట్రేలియా తెల్లవాళ్లేనని చట్టం రాసినవాళ్ల ఊహ. జమైకా రైతు, జలంధర్ జాట్ యువకుడు ఆ హక్కును నిజంగానే వాడుకుంటారని ఎవరూ అనుకోలేదు.

అప్పట్లో బ్రిటన్‌కు పనివాళ్ల కొరత నిజమే. కానీ ఆ కొరత తీర్చడానికి ప్రభుత్వం మొదట చూసింది యూరప్ వైపు. జర్మనీ, ఆస్ట్రియా శిబిరాల్లో మిగిలిపోయిన లాట్వియా, లిథువేనియా, ఉక్రెయిన్ జనాన్ని వేల సంఖ్యలో తెచ్చి గనుల్లో, మిల్లుల్లో పెట్టింది. తమ వైపు పోరాడిన పోలిష్ సైనికులు, వాళ్ల కుటుంబాలు కలిపి లక్షకు పైగా జనం కోసం 1947లో ప్రత్యేక చట్టమే చేసింది. వాళ్లకు క్యాంపులు, ఇంగ్లీషు పాఠాలు, ఉద్యోగం చూపించే ఆఫీసులు ఏర్పాటయ్యాయి. ఐర్లండ్ జనం సరేసరి, అడ్డూ ఆపూ లేకుండా వస్తూనే ఉన్నారు. కరీబియన్, భారత, పాకిస్తాన్ జనం మాత్రం కాగితం మీద సొంత ప్రజలు. సొంతవాళ్లకు వేరే ఏర్పాట్లు దేనికి? పరాయివాడిగా వచ్చిన పోలిష్ సైనికుడికి దొరికిన ఆసరా, సొంత ప్రజగా వచ్చిన జమైకా సైనికుడికి దొరకలేదు.

లెక్కల్లో మరుగున పడే సంగతి ఇంకొకటి. ఆ దశాబ్దాల్లో చాలా ఏళ్లు బ్రిటన్‌కు వచ్చినవాళ్ల కన్నా వదిలి వెళ్లినవాళ్లే ఎక్కువ. ఆస్ట్రేలియా ప్రభుత్వం పెద్దవాళ్లకు 10 పౌండ్లకే ప్రయాణం కల్పించి బ్రిటిష్ కుటుంబాలను పిలుచుకుపోయింది. దేశం నిండిపోతోందన్న మాట బలంగా వినిపించిన రోజుల్లోనే, నికరంగా చూస్తే దేశం జనాన్ని పోగొట్టుకుంటోంది.

ఉద్యోగమే తూకం

1955లో కరీబియన్, ఆసియా, ఆఫ్రికా కామన్‌వెల్త్ ప్రాంతాల నుంచి నికరంగా వచ్చినవాళ్లు 42,650 మంది. ఆర్థిక వ్యవస్థ మందగించిన 1958లో అది 29,850కి, 1959లో 21,600కి పడిపోయింది. ఖాళీలు పెరగ్గానే 1960లో 57,700 అయింది. ఏ అధికారీ ఆపలేదు, ఏ వీసా ఆఫీసూ లేదు. పని లేదని అన్న ఉత్తరం రాస్తే తమ్ముడు ఓడ ఎక్కలేదు.

కొన్నిచోట్ల కంపెనీలే వెళ్లి పిలుచుకొచ్చాయి. లండన్ బస్సులు, రైళ్లు నడిపే సంస్థ 1956లో బార్బడోస్‌లో నేరుగా మనుషులను ఎంపిక చేసుకుంది, ప్రయాణ ఖర్చు అక్కడి ప్రభుత్వం అప్పుగా ఇచ్చింది. మిగతాదంతా ఒకరి వెనక ఒకరు నడిచే దారి. పంజాబ్‌లో దోఆబా ఊళ్ల నుంచి బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఇనుము పోత ఫ్యాక్టరీలకు, పాకిస్తాన్ చేతిలోని కశ్మీర్‌లో ఉన్న మీర్‌పూర్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల నైట్ షిఫ్టుకు, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి లండన్ ఈస్ట్ ఎండ్‌కు. సిల్హెట్ వాళ్లు అంతకుముందు బ్రిటిష్ ఓడల్లో బొగ్గు వేసే కళాసీలు. మంగళా డ్యామ్ కింద లక్షమంది ఇళ్లు మునిగాక మీర్‌పూర్ దారి ఇంకా వెడల్పయింది.

ఈ వరుసలో తెలుగువాళ్లు దాదాపు కనిపించరు. సామ్రాజ్యంలో మన కూలీల దారి అటు కాదు, బంగాళాఖాతం అవతలికి. కాకినాడ, విశాఖ తీరాల నుంచి రంగూన్‌కు. ఉత్తరాంధ్ర ఇళ్లలో 'రంగం వెళ్లడం' అనే మాట దాని గుర్తే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తేలి పాతవాళ్లు తిరిగి వచ్చేసరికి ఘర్షణ రేగి ఎంతోమంది ప్రాణాలు పోయాయి. సామ్రాజ్యం జనాన్ని కలిపిన చోటల్లా ఇలాంటి రాపిడి ఉంది. బ్రిటన్‌లో తేడా ఏమిటంటే, అది ఏలినవాళ్ల ఇంట్లోనే జరిగింది.

ఢిల్లీ పాత్ర కూడా ఉంది. బ్రిటన్ కోరిక మీద 1950ల్లో భారత ప్రభుత్వం చదువులేని వాళ్లకు, చేతిలో పని ఖాయం కానివాళ్లకు బ్రిటన్ పాస్‌పోర్టు సులువుగా ఇచ్చేది కాదు. అంటే తలుపు తెరిచి ఉంచిన పేరు లండన్‌కు, గొళ్లెం పెట్టిన పని ఢిల్లీకి.

గది అద్దెకు ఇవ్వబడును, కానీ

బాంబులకు కూలిన ఇళ్లు మళ్లీ కట్టకముందే జనం పెరిగిన ఊళ్లు అవి. కౌన్సిల్ కట్టించే అద్దె ఇళ్లకు ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టు. ఊళ్లో కొన్నేళ్లు ఉన్నవాళ్లకే ఇల్లన్న నిబంధన వల్ల కొత్తవాళ్లకు ఆ దారి మూసుకుపోయేది. ప్రైవేటు గదుల కిటికీ అద్దాల్లోనూ, దుకాణాల నోటీసు బోర్డుల్లోనూ పెట్టే చిన్న అట్టముక్కల మీద అద్దె ఎంతో రాసి, దాని కింద నల్లవాళ్లకు ఇవ్వమని నేరుగా రాసేవారు. అది చట్టానికి విరుద్ధం కాదు, 1968 దాకా.

బ్యాంకులు అప్పివ్వవు. అప్పుడు జమైకా వాళ్లు తమ ఊరి పద్ధతి బయటికి తీశారు. దాని పేరు 'పార్డ్‌నర్'. తెలుగువాళ్లకు వేరే వివరించక్కర్లేదు, మన చిట్టీ లాంటిదే. పది, ఇరవై మంది వారం వారం డబ్బు వేస్తారు, ఒక్కో వారం ఒక్కరు మొత్తం తీసుకుంటారు, వేలం మాత్రం ఉండదు. ఆ డబ్బుతో ఎవరూ కొనని పాత పెద్ద ఇళ్లు కొన్నారు. అప్పు తీరాలంటే గదికో కుటుంబాన్ని అద్దెకు పెట్టాలి. అద్దెకు వచ్చేది తమవాళ్లే, ఎందుకంటే వేరేచోట వాళ్లకు దొరకదు. ఇల్లు ఇరుకవుతుంది, వీధి మారుతుంది, పక్కింటి తెల్లావిడ ఇల్లు అమ్ముకుని పోతుంది. పదేళ్లు తిరిగేసరికి 'వీళ్లంతా ఒకేచోట గుంపుగా ఉంటారు, ఇళ్లు పాడుచేస్తారు' అనే మాట. కారణాన్ని వదిలేసి ఫలితాన్నే నేరంగా చూపించే పద్ధతి ఇది. బ్రిటన్‌లో వలసల చర్చ చాలావరకు ఈ పద్ధతిలోనే నడిచింది.

1957లో వచ్చిన అద్దె చట్టం చాలా ఇళ్ల మీద అద్దె నియంత్రణ ఎత్తేసింది. పాత అద్దెదారులను ఖాళీ చేయిస్తే కొత్తవాళ్ల దగ్గర ఎంతైనా గుంజొచ్చు. లండన్‌లో ఇలా గుంజే ఇంటి యజమానులు ఎక్కువగా ఉన్న ప్రాంతం నాటింగ్ హిల్. 1958 ఆగస్టు చివర నాటింగ్‌హామ్‌లోనూ, వెంటనే నాటింగ్ హిల్‌లోనూ తెల్ల యువకుల గుంపులు కరీబియన్ల మీద దాడులకు దిగాయి. తొమ్మిది మంది కుర్రాళ్లకు జడ్జి నాలుగేసి ఏళ్ల జైలు వేశారు. మరుసటి ఏడాది మే నెలలో ఆంటిగ్వాకు చెందిన కెల్సో కోక్రేన్‌ను అదే ప్రాంతంలో పొడిచి చంపారు, ఆ కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. దాడుల తర్వాతి జనవరిలో ట్రినిడాడ్‌లో పుట్టిన పత్రికా సంపాదకురాలు క్లాడియా జోన్స్ సెయింట్ పాంక్రాస్ టౌన్ హాల్లో కరీబియన్ కార్నివాల్ పెట్టారు. ఇప్పుడు ఏటా ఆగస్టులో లక్షలమంది చేరే నాటింగ్ హిల్ కార్నివాల్‌కు అది ఒక మూలం.

కోర్టు దాడి చేసినవాళ్లను శిక్షించింది. రాజకీయం మాత్రం వేరే పాఠం నేర్చుకుంది: గొడవకు కారణం వచ్చినవాళ్ల సంఖ్య, కాబట్టి సంఖ్య తగ్గించాలి.

1962: గేటు మూసే ముందు తోపులాట

ఆంక్షల ఆలోచన అప్పటికప్పుడు పుట్టింది కాదు. 1955లోనే మంత్రివర్గం ముందు ముసాయిదా ఉంది. కామన్‌వెల్త్ బంధం దెబ్బతింటుందని, ఐర్లండ్ జనాన్ని ఏం చేయాలో తేలదని పక్కన పెట్టారు. 1961లో మళ్లీ తీసినప్పుడు హోం మంత్రి బట్లర్ మంత్రివర్గానికి ఇచ్చిన నోట్‌లో అసలు సంగతి ఉంది: ఈ పథకం జాతి, రంగు భేదం లేనిదిగా చూపించుకోవచ్చు, కానీ దాని దెబ్బ దాదాపు పూర్తిగా రంగువాళ్ల మీదే పడుతుంది. ఐర్లండ్ పౌరులకు ఆచరణలో ఏ అడ్డూ పెట్టలేదు. ప్రతిపక్ష లేబర్ నాయకుడు గేట్స్‌కెల్ ఈ చట్టాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు.

చట్టం వస్తోందన్న కబురు చేరగానే అంతవరకు ఉద్యోగాలతో నడిచిన లెక్క తెగిపోయింది. 1961లో 1,36,400 మంది వచ్చారు. 1962 మొదటి ఆరు నెలల్లోనే దాదాపు 95,000 మంది. భారత్ నుంచి 1955లో 5,800 మంది వస్తే 1961లో 23,750 మంది వచ్చారు. వచ్చే ఏడాదో ఆపై ఏడాదో చూద్దాంలే అనుకున్నవాళ్లు కూడా ఇప్పుడు పోకపోతే ఎప్పటికీ పోలేమని బయల్దేరారు.

1962 జూలై 1 నుంచి, పనికి రావడానికి ప్రభుత్వం ఇచ్చే వోచర్ ఉంటేనే ప్రవేశం. ఉద్యోగం ఖాయమైనవాళ్లకు 'ఎ', డాక్టర్లు, నర్సులు, టీచర్ల వంటివాళ్లకు 'బి', మిగతావాళ్లకు 'సి'. కొంతకాలానికి 'సి' ఎత్తేశారు.

అసలు మార్పు ఇళ్లలో జరిగింది. అప్పటిదాకా పంజాబీ, మీర్‌పూరీ మగవాళ్లు చాలామంది నాలుగేళ్లు సంపాదించి, ఇంటికెళ్లి పొలం కొని, తమ స్థానంలోకి తమ్ముణ్నో బావమరిదినో పంపేవారు. ఒకే మంచం పగలు ఒకరికి, రాత్రి ఒకరికి. వోచర్ వచ్చాక ఒకసారి వెళ్తే మళ్లీ రావడం కష్టం. కాబట్టి వెళ్లలేదు, భార్యాపిల్లలను పిలిపించుకున్నారు. 1967 నాటికి వోచర్ మీద వచ్చినవాళ్లు ఐదు వేల లోపు, కుటుంబ సభ్యులుగా వచ్చినవాళ్లు యాభై వేల పైన. కొన్నాళ్లుండి పోయే కూలీలను శాశ్వత నివాసులుగా మార్చింది, వలసలను ఆపాలని తెచ్చిన చట్టమే.

ఇది బ్రిటన్ ఒక్కదాని అనుభవం కాదు. సురినామ్‌కు 1975 నవంబరు 25న స్వాతంత్య్రం వస్తోందంటే, ఆ తేదీ దాటితే డచ్ పౌరసత్వం పోతుందని జనం విమానాలు ఎక్కారు. కొన్నేళ్లలోనే ఆ దేశ జనాభాలో మూడో వంతు దాకా నెదర్లాండ్స్‌లో తేలింది. వాళ్లలో భోజ్‌పురి మాట్లాడే కూలీల మనుమలు కూడా ఉన్నారు. ఫ్రాన్స్ 1974లో కార్మికుల వలసలు ఆపేస్తే, అల్జీరియా, మొరాకో కార్మికులు వెనక్కి పోకుండా కుటుంబాలను తెచ్చుకున్నారు.

స్మెథిక్, బ్రిస్టల్, పావెల్

1964 ఎన్నికల్లో దేశమంతా లేబర్ వైపు మొగ్గింది. బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న స్మెథిక్‌లో మాత్రం లేబర్ ప్రముఖుడు పాట్రిక్ గోర్డన్ వాకర్, వలసల వ్యతిరేకతనే ప్రచారం చేసుకున్న కన్జర్వేటివ్ అభ్యర్థి పీటర్ గ్రిఫిత్స్ చేతిలో ఓడిపోయారు. 1966లో ఆ సీటు తిరిగి లేబర్‌కే వచ్చింది, కానీ పార్టీకి పట్టుకున్న భయం పోలేదు. 1962లో వ్యతిరేకించిన చట్టాన్ని అధికారంలోకి వచ్చాక రద్దు చేయలేదు సరికదా, 1965లో వోచర్లను ఏడాదికి 8,500కి కుదించింది. అదే ఏడాది హోటళ్లు, బస్సుల వంటి బహిరంగ స్థలాల్లో వివక్షను నిషేధించే మొదటి చట్టమూ తెచ్చింది. వచ్చేవాళ్లను తగ్గించు, వచ్చినవాళ్లను కాపాడు అనే జోడు సూత్రం అక్కడ మొదలై ఇప్పటిదాకా నడుస్తోంది.

జనం స్పందన అంటే కోపం ఒక్కటే అనుకుంటే బ్రిస్టల్ మిస్సవుతాం. ఆ ఊరి బస్సు కంపెనీ నల్లవాళ్లను, ఆసియా వాళ్లను డ్రైవర్లు, కండక్టర్లుగా తీసుకునేది కాదు. యూనియన్ కూడా అందుకు వంత పాడింది. 1963 ఏప్రిల్ 30న పాల్ స్టీఫెన్సన్ తదితరులు బస్సుల బహిష్కరణ మొదలుపెట్టారు. విద్యార్థులు, ఊరి తెల్లవాళ్లు కొందరు కలిశారు. ఆగస్టు 28న కంపెనీ దిగివచ్చింది. ఆ తర్వాత అక్కడ చేరిన మొదటి తెల్లజాతేతర కండక్టర్ రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు.

1968 ఏప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో ఎనోక్ పావెల్ చేసిన ప్రసంగం ఈ చరిత్ర మొత్తంలో ఎక్కువమంది విన్నది. ఆయన వుల్వర్‌హాంప్టన్ కన్జర్వేటివ్ ఎంపీ, యుద్ధకాలంలో ఇండియాలో పనిచేసి ఉర్దూ నేర్చుకున్న మనిషి, 1960 నుంచి 1963 దాకా ఆరోగ్య మంత్రి. వలసలు ఇలాగే సాగితే రక్తపాతం తప్పదన్న ధోరణిలో మాట్లాడారు. మర్నాడే పార్టీ నాయకుడు హీత్ ఆయన్ను షాడో మంత్రివర్గం (ప్రతిపక్షం తరఫున మంత్రుల పనిని గమనించే బృందం) నుంచి తీసేశారు. గాలప్ సర్వేలో మాత్రం నూటికి 74 మంది పావెల్‌తో ఏకీభవించారు. 23న లండన్ రేవు కార్మికులు పని ఆపి ఆయనకు మద్దతుగా పార్లమెంటుకు నడిచారు. ఇళ్లు, ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే బిల్లు అదే రోజు సభలో ఉంది.

ఆ కవాతును దగ్గరగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. లండన్ రేవుల్లో పని ఎక్కువగా తండ్రి తర్వాత కొడుక్కి దక్కేది, వలస వచ్చినవాళ్లు అందులో పోటీకే రాలేదు. రేవు కార్మికుల పొట్ట కొడుతున్నది కంటైనర్లు. వందమంది వారం పాటు దింపే సరుకును క్రేను గంటల్లో దింపేస్తోంది. కంటైనర్ మీద కోపం చూపించడం ఎలా? కళ్లెదుట మారుతున్న వీధి మీద చూపించడం సులువు. అలాగని ప్రతి మద్దతుదారుడూ ఉద్యోగ భయంతోనే కదిలాడని అనలేం, రంగు మీద ద్వేషం అంతకు చాలా ముందే ఉంది.

పాస్‌పోర్టు ఉన్నా పనికిరాదు

కెన్యాకు 1963లో స్వాతంత్య్రం వచ్చినప్పుడు అక్కడి గుజరాతీలు, పంజాబీలు చాలామంది బ్రిటిష్ పాస్‌పోర్టే ఉంచుకున్నారు. స్థానికులకే ఉద్యోగాలన్న విధానం ముదిరేసరికి బ్రిటన్ బయల్దేరారు. లండన్ జారీ చేసిన పాస్‌పోర్టు కాబట్టి 1962 చట్టం వాళ్లను ఆపలేదు. 1968 ఫిబ్రవరి ఆఖర్లో ప్రభుత్వం మూడు రోజుల్లో కొత్త చట్టం నెగ్గించుకుంది: తానో, తల్లిదండ్రుల్లో ఒకరో, తాత అవ్వల్లో ఒకరో బ్రిటన్‌లో పుట్టి ఉండటం వంటి సంబంధం ఉండాలి. కెన్యాలో స్థిరపడిన తెల్లవాళ్లకు అలాంటి తాత దొరుకుతాడు, గుజరాతీ దుకాణదారుకు దొరకడు. బట్లర్ నోట్‌లోని తర్కమే ఇక్కడా పనిచేసింది.

1971 చట్టం ఈ తాత నిబంధనను 'పేట్రియల్' అనే పేరుతో స్థిరం చేసింది. అది అమల్లోకి వచ్చింది 1973 జనవరి 1న. బ్రిటన్ యూరోపియన్ కమ్యూనిటీలో చేరింది కూడా ఆ రోజే. కామన్‌వెల్త్‌కు గేటు బిగిసింది, యూరప్‌కు తెరుచుకుంది.

మధ్యలో 1972 ఆగస్టులో ఉగాండా నియంత ఈదీ అమీన్ ఆసియా వాళ్లకు 90 రోజుల గడువు పెట్టాడు. అప్పటికి ప్రధాని అయిన హీత్ ప్రభుత్వం ఒత్తిడికి లొంగకుండా సుమారు 28,000 మందిని రానిచ్చింది. లెస్టర్ నగర కౌన్సిల్ అయితే ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది: మా ఊళ్లో ఇళ్లు, బడులు నిండిపోయాయి, దయచేసి రావద్దు అని. దాంతో అంతవరకు లెస్టర్ పేరు వినని వాళ్లకు కూడా అక్కడ మనవాళ్లున్నారని తెలిసింది. చాలామంది అక్కడికే వెళ్లారు. 2021 జనాభా లెక్కల్లో లెస్టర్‌లో ఆసియా మూలాలవాళ్లు నూటికి 43 మంది.

తెల్లకోటుకు వేరే దారి

తెలుగువాళ్లు ఈ కథలోకి వచ్చేది 'బి' వోచర్ల దగ్గర. కూలీలకు గేటు మూసిన చట్టమే డాక్టర్లకు తెరిచి ఉంచింది. విశాఖ, గుంటూరు, హైదరాబాద్ మెడికల్ కాలేజీల సిలబస్ బ్రిటన్ నమూనాలోదే. మన ఎంబీబీఎస్‌ను అక్కడి మెడికల్ కౌన్సిల్ 1975 దాకా నేరుగా గుర్తించేది. ఆ ఏడాది నుంచి పరీక్ష పెట్టింది, ప్లాబ్ అనే పేరుతో మన డాక్టర్లకు తెలిసింది దాని తర్వాతి రూపం. వెళ్లినవాళ్లకు సర్జరీ, కార్డియాలజీ లాంటి పేరున్న విభాగాలు అందడం కష్టం. ముసలివాళ్ల వైద్యం, మానసిక వైద్యం, వేల్స్ బొగ్గు గనుల ఊళ్లలో జనరల్ ప్రాక్టీస్ వంటి, అక్కడివాళ్లు అంతగా ఇష్టపడని చోట్ల ఖాళీలుండేవి. సర్వేలో వలసలు వద్దన్న మనిషే జ్వరమొస్తే వీధి చివర భారతీయ డాక్టర్ దగ్గరికి వెళ్లేవాడు, ఇందులో వైరుధ్యం ఉందని అతనికి తోచేది కాదు.

కాగితం ఎక్కడుంది?

బ్రిటన్ తన సొంత పౌరుడంటే ఎవరో విడిగా తేల్చుకున్నది 1981 చట్టంతో, అది 1983లో అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా పౌరసత్వ చట్టం చేయాల్సిన పనిని వలసల చట్టాలతో చేయించారు. 1973కు ముందే స్థిరపడ్డ కామన్‌వెల్త్ జనానికి శాశ్వతంగా ఉండే హక్కు చట్టమే ఇచ్చింది. చేతికి కాగితం మాత్రం ఇవ్వలేదు. జమైకా నుంచి అమ్మ పాస్‌పోర్టు మీద వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లకు తనదంటూ ఏ రుజువూ లేదు, దాని అవసరమూ పడలేదు.

2012 నుంచి అక్రమంగా ఉన్నవాళ్లకు బతుకు దుర్భరం చేయాలన్న విధానం వచ్చింది. 2014 చట్టం తర్వాత ఇంటి యజమాని, బ్యాంకు, ఆస్పత్రి అందరూ కాగితాలు అడగడం మొదలుపెట్టారు. యాభై ఏళ్లుగా పన్ను కడుతున్నవాళ్లను ప్రతి ఏడాదికీ రుజువు తెమ్మన్నారు. వాళ్లు దిగిన తేదీని చూపించే పాత ల్యాండింగ్ కార్డులను హోం శాఖే 2010లో ధ్వంసం చేసింది. ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగింది, కనీసం 83 మందిని తప్పుగా దేశం దాటించారని తేలింది. 2018 ఏప్రిల్‌లో హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు, మరుసటి ఏడాది పరిహార పథకం వచ్చింది.

ఇప్పటి గొడవలో పాత లెక్క

2004లో తూర్పు యూరప్ దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు ఏటా 5,000 నుంచి 13,000 మంది వస్తారని అంచనా వేశారు. లక్షల్లో వచ్చారు. 2016 బ్రెగ్జిట్ ఓటింగ్‌లో విదేశీయులు ఎక్కువగా ఉన్న లండన్ యూరప్‌లో ఉందామంది. లింకన్‌షైర్‌లోని బోస్టన్ అనే చిన్న ఊరు 75 శాతానికి పైగా వద్దంది. బోస్టన్‌లో విదేశీయుల వాటా లండన్ కన్నా చాలా తక్కువ, కానీ పెరిగిన వేగం ఎక్కువ. ఎంతమంది ఉన్నారన్న దాని కన్నా ఎంత త్వరగా వచ్చారన్నదే జనాన్ని కదిలిస్తుందనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు. 1964 స్మెథిక్‌కూ ఇది వర్తిస్తుంది.

యూరప్ తలుపు మూశాక భారత్, నైజీరియా వంటి దేశాల నుంచి విద్యార్థులు, సంరక్షణ కార్మికులు పెరిగి 2023లో నికర వలస ఏడాదికి 9 లక్షలు దాటింది. ఆంక్షలతో 2024లో బాగా పడిపోయింది. 2025 మేలో ప్రభుత్వం కొత్త శ్వేతపత్రం తెచ్చినప్పుడు ప్రధాని స్టార్మర్ 'అపరిచితుల దీవి' అన్న మాట వాడి, అది పావెల్ మాటలను గుర్తుచేస్తోందని గొడవ రేగాక ఆ మాట అన్నందుకు విచారం వెలిబుచ్చారు. శాశ్వత నివాసానికి మామూలుగా ఐదేళ్లుగా ఉన్న నిరీక్షణను పదేళ్లకు పెంచాలన్నది అందులోని ముఖ్య ప్రతిపాదన. చదువయ్యాక పని వెతుక్కోవడానికి ఉన్న రెండేళ్ల గడువు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలు. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు కన్సల్టెన్సీల్లో ఇప్పుడు వినిపించే టెన్షన్ ఈ తేదీల గురించే, రూల్ మారేలోపు వెళ్లిపోవాలని. కింగ్‌స్టన్ రేవులో, జలంధర్ ట్రావెల్ ఏజెంట్ల దగ్గర 1961లో నడిచిన లెక్కకు ఇది దూరం కాదు.

రుజువు విషయంలో మాత్రం కొత్త సంగతి ఒకటుంది. చేతిలో ఉండే నివాస కార్డుల్లో ఎక్కువ భాగం గడువు 2024 డిసెంబరు 31తో ముగిసింది. వాటి స్థానంలో వచ్చింది ఈ-వీసా. అద్దెకు ఇల్లు కావాలన్నా, ఉద్యోగంలో చేరాలన్నా ప్రభుత్వ వెబ్‌సైటులో లాగిన్ అయి ఒక కోడ్ తీసి ఇవ్వాలి. కాగితం ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు, హోం శాఖ సర్వర్‌లో ఉంది.